పాల తనిఖీ ఖర్చు ఎవరు భరించాలి, ఆ డబ్బు ఎవరి చేతిలో ఉండాలి

ఆహార వ్యాపారాల లైసెన్సుల కోసం 2011లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో ఒక ఫీజుల పట్టిక ఉంది. రోజుకు 500 లీటర్ల లోపు పాలు సేకరించే చిన్న వ్యాపారి ఏడాదికి 100 రూపాయలు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. 501 నుంచి 10,000 లీటర్ల దాకా శుద్ధి చేసే డెయిరీకి రాష్ట్ర లైసెన్సు కావాలి, దానికి ఏడాదికి 3,000. 10,001 నుంచి 50,000 లీటర్ల దాకా 5,000. అది దాటితే కేంద్ర లైసెన్సు, 7,500 రూపాయలు. పట్టిక అక్కడితో ఆగుతుంది. రోజుకు 60 వేల లీటర్లు ప్యాక్ చేసే డెయిరీకైనా, 5 లక్షల లీటర్లు ప్యాక్ చేసే డెయిరీకైనా అదే 7,500.

ఈ అంకెలను లీటర్లతో భాగించి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. రోజుకు 501 లీటర్లతో నడిచే చిన్న డెయిరీ మీద పడే ఫీజు లీటరుకు ఒకటిన్నర పైసా పైచిలుకు. 50,000 లీటర్ల డెయిరీ మీద పడేది పైసాలో ముప్పై ఆరో వంతు. 5 లక్షల లీటర్ల కంపెనీకి వచ్చేసరికి పైసాలో రెండు వందల నలభై మూడో వంతు. అంటే సూర్యాపేటలోనో వనపర్తిలోనో కొత్తగా ఒక గది కట్టుకుని, చిన్న పాశ్చరైజర్ (పాలను వేడి చేసి శుద్ధి చేసే యంత్రం) పెట్టుకున్న మనిషి లీటరుకు కట్టేది పెద్ద కంపెనీ కట్టేదానికి దాదాపు నాలుగు వందల రెట్లు. అలాగని ఆ చిన్న డెయిరీ కట్టేది కూడా తనిఖీ ఖర్చుకు ఏమాత్రం సరిపోదు. ఒక ఆహార భద్రతా అధికారి నాలుగు శాంపిళ్లు తీసి ప్రయోగశాలకు పంపి, నివేదిక తెప్పించుకునేసరికే 3,000 రూపాయలు దాటిపోతాయి.

పాల భద్రత తనిఖీకి అయ్యే ఖర్చును పాల పరిశ్రమే ఫీజు రూపంలో భరించాలా, లేక ప్రభుత్వ ఖజానా భరించాలా అనే చర్చ ఇక్కడి నుంచి మొదలుపెట్టాలి. మన దేశంలో పరిశ్రమ ఫీజు ఇప్పటికే ఉంది. కాకపోతే అది తనిఖీ ఖర్చును చూసి పెట్టింది కాదు, లైసెన్సు కాగితం ఇచ్చినందుకు తీసుకునేది. ఆహార భద్రతా ప్రమాణాల చట్టం, 2006లోని 82వ సెక్షన్ మాత్రం వేరే మాట చెబుతోంది. లైసెన్సు పొందిన వ్యాపారుల నుంచి అంచెలవారీ ఫీజు వసూలు చేయాలని, దాన్ని రాష్ట్ర ఆహార భద్రతా కమిషనర్ వసూలు చేస్తారని అందులో ఉంది. అంచెలు అంటే వ్యాపారం పెరిగే కొద్దీ భారం పెరగాలి. లీటరు లెక్కన చూస్తే పట్టిక దీనికి తలకిందులుగా ఉంది.

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలకు ఈ లెక్క ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే ఇక్కడి పాలు ఎటు పోతాయో చూడాలి. పాత నల్లగొండ జిల్లా హైదరాబాద్‌కు పాలు పోసే జిల్లా. నల్లగొండ–రంగారెడ్డి పాల ఉత్పత్తిదారుల సహకార యూనియన్ హయత్‌నగర్‌లో డెయిరీ పెట్టింది ఈ పాల కోసమే. ప్రభుత్వ సమాఖ్య తరఫున విజయ డెయిరీ రెండు జిల్లాల్లోనూ సేకరిస్తుంది. వీటి పక్కనే ప్రైవేటు డెయిరీలు, వాటి పక్కన బండికి నాలుగు క్యాన్లు కట్టుకుని ఇల్లిల్లూ తిరిగే పాలోళ్లు. ఒకే ఊరిలో ఒకే పూట మూడు నాలుగు దిక్కులకు పాలు పోతాయి. 2016 అక్టోబరులో నల్లగొండ మూడు జిల్లాలైంది. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగుళాంబ గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా వచ్చింది. కలెక్టరేట్లు పెరిగినంత వేగంగా ఆహార తనిఖీ సిబ్బంది పెరగలేదు. 2022లో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆహార భద్రతా అధికారుల పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు రాష్ట్రం మొత్తానికి చూపించినవి 24 ఖాళీలు. జిల్లాలు 33. ఆ అధికారి చూడాల్సింది పాలు ఒక్కటే కూడా కాదు. హోటళ్లు, మిఠాయి దుకాణాలు, కారం మిల్లులు, నూనె గానుగలు, హాస్టళ్లు, మంచినీళ్ల ప్లాంట్లు అన్నీ ఆయన నెత్తి మీదే.

శాంపిల్ తీయడమంటే సీసాలో పాలు పోసుకుని పోవడం కాదు. చట్టం 47వ సెక్షన్ ప్రకారం దాన్ని నాలుగు భాగాలు చేయాలి, సీలు వేయాలి, సాక్షి సంతకం తీసుకోవాలి. తీసుకున్న పాలకు మార్కెట్ ధర అక్కడే చెల్లించాలి. ఒక భాగం ప్రయోగశాలలో పరీక్షించే ఫుడ్ అనలిస్టుకు, రెండు భాగాలు జిల్లాలో ఆహార భద్రత బాధ్యత చూసే నిర్దేశిత అధికారికి పోతాయి. వ్యాపారి కోరితే నాలుగోది గుర్తింపు పొందిన వేరే ప్రయోగశాలకు పంపాలి, ఆ ఖర్చు వ్యాపారిదే. అనలిస్టు 14 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. రాష్ట్ర ఆహార ప్రయోగశాల హైదరాబాద్‌లోని నాచారంలో ఉంది. నల్లగొండ నుంచి అక్కడికి దాదాపు వంద కిలోమీటర్లు, గద్వాల నుంచి దానికి రెట్టింపుకు దగ్గర. కల్తీ పరీక్షకైతే పాలలో ఫార్మలిన్ చుక్కలు వేసి నిలవ ఉంచవచ్చు. సూక్ష్మజీవుల పరీక్షకు అది పనికిరాదు, శాంపిల్‌ను చల్లగా ఉంచి గంటల్లో చేర్చాలి. మే నెలలో అలంపూర్ చౌరస్తా దగ్గర తీసిన పాలను ఐస్ పెట్టె లేకుండా బస్సులో నాచారం పంపితే, ఆ నివేదిక పాల గురించి చెప్పదు, ప్రయాణం గురించి చెబుతుంది. అందుకే పాల తనిఖీ ఖర్చులో జీతం ఒక భాగమే. బండి, శీతల పెట్టెలు, పరీక్ష రసాయనాలు, ప్రయోగశాలలో మనిషి, కేసు వాదించడానికి సమయం, ఇవన్నీ కలిస్తేనే తనిఖీ.

పాల మీద ఎవరూ డబ్బు ఖర్చు చేయడం లేదని దీనర్థం కాదు. పల్లెలో పొద్దున ఆరింటికి పాల కేంద్రం దగ్గర నిలబడితే ప్రతి రైతు పోసే పాలకూ పరీక్ష జరుగుతుంది. మిషన్‌లో వెన్న శాతం వస్తుంది, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘనపదార్థాల శాతం) వస్తుంది, చీటీ వస్తుంది. సాయంత్రం మళ్లీ అదే. ఒక్క చుక్క తప్పిపోదు. ఈ పరీక్షలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని ఎవరూ అడగరు, ఎందుకంటే అవి డెయిరీ జేబును కాపాడే పరీక్షలు. వెన్న తక్కువున్న పాలకు ఎక్కువ ధర ఇస్తే నష్టం కంపెనీది. యాంటీబయాటిక్ అవశేషమో, బూజు విషమో ఉంటే నష్టం తాగినవాడిది, అదీ ఏళ్ల తర్వాత తెలిసేది. కాబట్టి మొదటి రకం పరీక్ష రోజుకు రెండు పూటలా జరుగుతుంది, రెండో రకం అధికారికి తీరిక దొరికినప్పుడు జరుగుతుంది. పరిశ్రమ నుంచి ఫీజు అడగడానికి అన్నిటికన్నా బలమైన కారణం ఇదే. ధర కోసం పరీక్షించే స్తోమత ఉన్న వ్యాపారానికి భద్రత కోసం పరీక్షించే స్తోమత కూడా ఉన్నట్టే.

ఏది వెతకాలో కూడా తెలిసి ఉండాలి. 2018లో దేశవ్యాప్తంగా 50 వేలకు పైగా జనాభా ఉన్న పట్టణాల్లో ఆహార భద్రతా సంస్థ పాల సర్వే చేయించింది. 1,103 పట్టణాల నుంచి 6,432 శాంపిళ్లు. జనం భయపడే కల్తీ, అంటే యూరియా, డిటర్జెంట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి దొరికింది 12 శాంపిళ్లలోనే. ఆ పన్నెండులో 9 తెలంగాణవి. ఈ వాక్యం చదివి ఉలిక్కిపడటం సహజం, పడాలి కూడా. అయితే అదే సర్వేలో అఫ్లాటాక్సిన్ ఎం1 అనే విషం పరిమితి దాటిన శాంపిళ్లు 368, యాంటీబయాటిక్ అవశేషాలు దాటినవి 77. కల్తీ వార్త పత్రికల మొదటి పేజీలో వస్తుంది, అఫ్లాటాక్సిన్ రాదు. కానీ సంఖ్యలో అది ముప్పై రెట్లు.

అఫ్లాటాక్సిన్ ఎవరూ కలిపేది కాదు. బూజు పట్టిన దాణా తిన్న బర్రె పాలలోకి దానంతట అదే వస్తుంది. తడిసిన పల్లి చెక్క, పత్తి గింజల చెక్క, సరిగా ఎండని మక్కలు దానికి దారులు. వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లి, నల్లగొండ వైపు పత్తి ఎంత పండుతాయో తెలిసినవాళ్లకు ఈ మాట దగ్గరగా తగులుతుంది. పాలు కాచినంత మాత్రాన ఈ విషం పోదు. పాశ్చరైజర్ దాన్ని ఆపలేదు. మన ప్రమాణం ప్రకారం కిలో పాలలో 0.5 మైక్రోగ్రాములు దాటకూడదు, అంత సూక్ష్మమైన మోతాదును లాక్టోమీటర్ పట్టలేదు. పైగా చట్టం 18వ సెక్షన్ రైతును తన పరిధిలోకి తీసుకురాలేదు, అది న్యాయమే. కాబట్టి అధికారి పని పాల కేంద్రం దగ్గర మొదలవుతుంది. అక్కడ దొరికిన విషానికి మూలం మాత్రం కొట్టంలో, దాణా గదిలో ఉంటుంది. తనిఖీ నిధి అంటే జరిమానా వేసే నిధి అని మాత్రమే అనుకుంటే ఈ సమస్య ఎప్పటికీ తీరదు. దాణా పరీక్షించి, ఇది పెట్టొద్దని రైతుకు ముందే చెప్పే ఖర్చు కూడా అందులోంచే రావాలి.

పెరాక్సైడ్ కథ ఇంకో రకం. ఆ సర్వేలో కల్తీ తేలిన 12 శాంపిళ్లలో సగం పెరాక్సైడ్‌వే. పాలు విరగకుండా ఉండటానికి కలుపుతారు, వంటసోడా కూడా అందుకే. పితికిన పాలు 4 డిగ్రీలకు త్వరగా చల్లబడితే ఆ రసాయనంతో పనే ఉండదు. భువనగిరి వైపు పల్లెల్లో పెరాక్సైడ్, పాలపొడి నిల్వలతో కల్తీ పాలు తయారు చేస్తున్నవారిని రాచకొండ పోలీసుల ప్రత్యేక బృందాలు పట్టుకున్న వార్తలు జిల్లావాసులకు గుర్తుండే ఉంటాయి. పట్టుకున్నది పోలీసులు. ఎవరో ఉప్పందిస్తే దాడి జరిగింది. క్రమం తప్పని తనిఖీ ఉన్న చోట ఎవరో ఉప్పందించేదాకా ఎదురుచూడాల్సిన అవసరం తగ్గుతుంది.

ఫీజు ఎంత ఉండొచ్చు

బయటి దేశాల్లో ఇది పాత పద్ధతే. అమెరికాలో చాలా రాష్ట్రాలు పాల శుద్ధి కేంద్రాల నుంచి బరువు లెక్కన తనిఖీ ఫీజు తీసుకుంటాయి. యూరోపియన్ యూనియన్ 2017లో చేసిన అధికారిక తనిఖీల చట్టంలో పాలకు ఒక రేటు రాసి పెట్టారు. మొదటి 30 టన్నులకు ఒక యూరో, ఆపైన టన్నుకు అర యూరో. అసలు ఖర్చు లెక్కగట్టి అంతే వసూలు చేయడం సభ్యదేశాలకున్న రెండో దారి. తక్కువ పరిమాణంలో నడిచేవాళ్లకు, సంప్రదాయ పద్ధతిలో తయారు చేసేవాళ్లకు భారం తగ్గించే వీలు కూడా ఉంది. యూరోను వంద రూపాయలుగా వేసుకుంటే ఆ అర యూరో లీటరుకు దాదాపు 5 పైసలు.

ఆ 5 పైసలను ఇక్కడి లెక్కలో పెట్టి చూద్దాం. ఒక జిల్లాలో డెయిరీలు కలిపి రోజుకు లక్ష లీటర్లు శుద్ధి చేస్తాయనుకుంటే రోజుకు 5,000 రూపాయలు, ఏడాదికి 18 లక్షల 25 వేలు. ఇది ఊహా లెక్కే, కానీ దీనితో ఏం చేయవచ్చో చూడండి. పాలకే కేటాయించిన ఒక బండి, శీతల పెట్టెలు, సంవత్సరమంతా పరీక్ష కిట్లు. రోజుకు లీటరు ప్యాకెట్ కొనే కుటుంబం మీద మొత్తం భారం పడినా ఏడాదికి 18 రూపాయల పావలా. సహకార డెయిరీలకు పాలు పోసిన రైతుకు ప్రభుత్వం ప్రకటించిన ప్రోత్సాహకం లీటరుకు 4 రూపాయలు. అందులో ఎనభయ్యో వంతు ఈ ఫీజు.

ఇంత చిన్న మొత్తమైతే గొడవ ఎందుకనిపించవచ్చు. గొడవ మొత్తం గురించి కాదు. ఆ 5 పైసలు చివరికి ఎవరి మీద వాలతాయన్నదే ప్రశ్న. పాల ధర వెన్న శాతం మీద నడుస్తుంది, ఆ శాతానికి ఎంత కట్టాలో నిర్ణయించేది కొనేవాడు. మూడు డెయిరీల వాళ్లు తిరిగే భువనగిరి, చౌటుప్పల్ వైపు రైతుకు ధర తగ్గిస్తే రేపు పాలు పక్క కేంద్రానికి పోతాయి. నల్లమల అంచున, అమ్రాబాద్ వైపు ఊళ్లలో ఒక్కటే పాల బండి వచ్చే చోట రైతుకు ఆ అవకాశం లేదు. పాల బిల్లులో 'తనిఖీ చార్జీ' అని ఒక గడి పుట్టుకొస్తుంది. అది 5 పైసలతో ఆగుతుందన్న భరోసా కూడా లేదు. ఫీజు చిన్నదే అయినా, దాని పేరు చెప్పి కోసేది పెద్దదవుతుంది.

మన దగ్గర దీనికి దగ్గరి అనుభవం వ్యవసాయ మార్కెట్ ఫీజు. 1966 నాటి మార్కెట్ల చట్టం ప్రకారం ఆ ఫీజు కొనేవాడు కట్టాలి, అమ్మే రైతు కాదు. జడ్చర్ల యార్డులోనైనా, మిర్యాలగూడ యార్డులోనైనా కాగితం మీద అంతే. కొనేవాడు దాన్ని ముందే ధరలో చూసుకుంటాడని యార్డుకు వెళ్లిన ప్రతి రైతుకూ తెలుసు. అయినా చట్టంలో ఆ వాక్యం ఉండటం వల్ల రైతు పట్టీలో దాన్ని బాహాటంగా కోయలేరు. అంతమాత్రం రక్షణ కూడా విలువైనదే. పాల తనిఖీ ఫీజుకూ అలాంటి వాక్యం ఉండాలి: శుద్ధి చేసి ప్యాక్ చేసిన లీటర్ల మీదే ఫీజు, రైతు బిల్లులో దాని పేరు కనిపించడం నేరం. డెయిరీల మీద మార్కెట్ ఫీజు కొత్త విషయమేమీ కాదు. నెయ్యి పశు ఉత్పత్తే, దానిపై మార్కెట్ ఫీజు వసూలు చెల్లుతుందని ఆ 1966 చట్టం కిందే 1994లో వచ్చిన నోటిఫికేషన్‌ను సమర్థిస్తూ సుప్రీంకోర్టు 2024 మార్చిలో తీర్పు ఇచ్చింది.

ఫీజుకు, పన్నుకు తేడా ఏమిటన్న దానిపై కోర్టులు చాలాకాలంగా చెబుతున్నాయి. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు, ఫీజు కట్టినవాళ్లకు దానికి బదులుగా ఏదో సేవ అందాలంది. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మార్కెట్ ఫీజు కేసులో ఆ నియమాన్ని కొంత సడలించింది. కట్టిన పైసకు పైస లెక్క చూపాల్సిన పనిలేదు, మొత్తం మీద వసూలుకూ సేవకూ సంబంధం ఉంటే చాలంది. సారాంశంగా చూస్తే పాల తనిఖీ ఫీజుకు చట్టపరమైన అడ్డంకి లేదు, కాకపోతే ఆ డబ్బు పాల తనిఖీకే పోతోందని చూపించగలగాలి.

డబ్బు దారి తప్పే చోటు

ఫీజుల మీద తెలంగాణ పౌరుడికి నమ్మకం లేకపోవడానికి కారణం ఉంది. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్ వసూలవుతుంది. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని తమ ఖర్చులకు వాడుకుని ఏళ్ల తరబడి బకాయి పెట్టడం, గ్రంథాలయాల్లో కొత్త పుస్తకాలు రాకపోవడం అందరూ చూస్తున్నదే. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమం కోసం నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్ ఉంది. దేశంలో ఆ నిధి వేల కోట్లు ఖర్చుకాకుండా పేరుకుపోయిందని సుప్రీంకోర్టే మందలించింది. రెండు చోట్లా వసూలు బాగానే జరిగింది. చేరాల్సిన చోటికి చేరలేదు.

రాజ్యాంగం 266వ అధికరణ ప్రకారం రాష్ట్రానికి వచ్చే రాబడి సంచిత నిధిలోకి పోతుంది, అక్కడి నుంచి శాసనసభ ఆమోదంతోనే బయటకు వస్తుంది. లైసెన్సు ఫీజులు ఖజానాలో పడ్డాక అవి ఫలానా జిల్లా తనిఖీకే తిరిగి రావాలన్న నియమం ఏదీ లేదు. ఫీజు పెంచి ఈ దారి మార్చకపోతే డెయిరీ కట్టేది పెరుగుతుంది, నారాయణపేటలో తీసే శాంపిళ్లు పెరగవు. అందుకని ముందు ఖాతా, తర్వాత ఫీజు. చట్టంతో ఏర్పాటైన ప్రత్యేక నిధి, దానికి ఏటా ఆడిట్, జిల్లాల వారీగా వచ్చినదెంత ఖర్చయినదెంత అన్న పట్టిక. ఇవి లేకుండా రేటు గురించి మాట్లాడటం అనవసరం.

ఇంకో ప్రమాదం ఆర్థిక శాఖలో పుడుతుంది. ఫీజు రావడం మొదలైన ఏడాదే, 'మీకు సొంత రాబడి ఉంది కదా' అని బడ్జెట్‌లో కోత పెడతారు. అప్పుడు మొత్తం నిధి ఉన్న చోటే ఉంటుంది, భారం మాత్రం ఖజానా నుంచి పాల మీదికి మారుతుంది. అధికారుల జీతాలు, నాచారం ప్రయోగశాల ఖజానా ఖర్చుగానే ఉండాలి. అదనపు శాంపిళ్లు, బండ్లు, కిట్లు, దాణా పరీక్షలు ఫీజు మీద నడవాలి. పాల భద్రత అందరికీ సంబంధించింది కాబట్టి మొత్తం పన్నుల నుంచే పెట్టాలని వాదించేవాళ్ల మాటలో న్యాయం ఉంది. పాలు తాగని పిల్లవాడు అరుదు. కానీ ఆ వాదన గత ఇరవై ఏళ్లుగా అమల్లో ఉన్నదే, దాని ఫలితమే ఈ సిబ్బంది కొరత. ఏటా బడ్జెట్ దయ మీద ఆధారపడే తనిఖీ, ఎవరూ చావని ఏడాదిలో ముందుగా కోతకు గురవుతుంది.

డబ్బిచ్చినవాడికి పెత్తనం రాకుండా

పరిశ్రమ డబ్బుతో నడిచే అధికారి పరిశ్రమ మీద చర్య తీసుకుంటాడా? ఈ అనుమానాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దీనికి సమాధానం గుజరాత్‌లో దొరుకుతుంది. అక్కడ కాలుష్యం వెదజల్లే ఫ్యాక్టరీలు ఏటా పర్యావరణ ఆడిట్ చేయించుకోవాలి. ఆడిటర్‌ను ఫ్యాక్టరీయే ఎంచుకునేది, డబ్బూ తనే ఇచ్చేది. నివేదికలు దాదాపు అన్నీ కాలుష్యం హద్దుకు కాస్త కిందే ఉన్నట్టు వచ్చేవి. ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికోలస్ ర్యాన్ అనే ఆర్థికవేత్తలు కాలుష్య నియంత్రణ మండలితో కలిసి 473 ఫ్యాక్టరీల మీద ఒక ప్రయోగం చేశారు. సగం ఫ్యాక్టరీలకు ఆడిటర్‌ను లాటరీ పద్ధతిలో కేటాయించారు. జీతం ఉమ్మడి నిధి నుంచి ఒకే రేటున ఇచ్చారు. కొన్ని కొలతలను వేరే వాళ్లతో మళ్లీ తీయించి సరిచూశారు. 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. హద్దు దాటినా దాటలేదని రాసే తప్పుడు నివేదికలు 80 శాతం తగ్గాయి. ఫ్యాక్టరీలు వదిలే కాలుష్యం కూడా తగ్గింది.

డబ్బు అసలు ఎక్కడి నుంచి వస్తుందన్నదాన్ని ఆ ప్రయోగం విడిగా పరీక్షించలేదు. మనిషిని ఎంచుకుని, నేరుగా డబ్బిచ్చే హక్కు పరిశ్రమ చేతిలో ఉండటమే అది చూపిన సమస్య. ఈ పాఠం మన పాల విషయంలో ఇప్పుడే అవసరం, ఎందుకంటే 2018 ఆహార భద్రతా ఆడిట్ నిబంధనల కింద ప్రైవేటు ఆడిట్ సంస్థలు వచ్చాయి. ఆ ఆడిట్‌కు వ్యాపారే డబ్బు కడతాడు. ఆడిట్ బాగుంటే ప్రభుత్వ తనిఖీ తక్కువసార్లు వస్తుందన్న ప్రోత్సాహం కూడా ఉంది. అమెరికాలో 2009లో బయటపడ్డ పల్లి వెన్న విషాదంలో తొమ్మిది మంది చనిపోయారు. ఆ సరుకు తయారు చేసిన కంపెనీకి అంతకుముందే అది డబ్బిచ్చి పిలిపించుకున్న ఆడిటర్ మంచి మార్కులు వేశాడు. చైనాలో 2008లో మెలమైన్ అనే రసాయనం కలిసిన పాలపొడి తాగి ఆరుగురు పసిపిల్లలు చనిపోయారు, దాదాపు 3 లక్షల మంది జబ్బుపడ్డారు. ఆ వ్యవహారానికి కేంద్రమైన కంపెనీకి ప్రభుత్వ తనిఖీ నుంచి మినహాయింపు ఉండేది, నాణ్యత బాగుందన్న పేరుతో. పాలలో ప్రొటీన్‌ను నత్రజని లెక్కన కొలుస్తారని తెలిసినవాళ్లు నత్రజని నిండిన మెలమైన్ కలిపారు. ఇక్కడ యూరియా కలిపేవాళ్ల ఆలోచన కూడా ఇంతకన్నా వేరు కాదు.

కాబట్టి ఫీజు డెయిరీ నుంచి రావాలి, అధికారి పేరు లాటరీలో రావాలి. నల్లగొండ డెయిరీ కట్టిన ఫీజు నల్లగొండ అధికారి జీతంగా మారకూడదు. అలా మారితే లైసెన్సు రద్దు చేసిన రోజున తన రాబడికి తనే గండి కొట్టుకున్నట్టవుతుంది. రాష్ట్ర నిధిలో కలిసి, అక్కడి నుంచి శాంపిళ్ల సంఖ్యను బట్టి జిల్లాలకు పంచితే ఈ ముడి ఉండదు. మహబూబ్‌నగర్ శాంపిల్ ఫలితాన్ని పదింటిలో ఒకటి చొప్పున వేరే ప్రయోగశాలలో మళ్లీ పరీక్షించాలి, గుజరాత్‌లో చేసినట్టే.

జరిమానాల మాట కూడా ఇక్కడే. నాసిరకం సరుకుకు 51వ సెక్షన్ కింద 5 లక్షల దాకా జరిమానా ఉంది, జిల్లాల్లో అదనపు కలెక్టర్ స్థాయి అధికారి విచారించి వేస్తారు. ఈ జరిమానాలను తనిఖీ నిధికి మళ్లించాలన్న సూచన వినడానికి బాగుంటుంది. అది తప్పుదారి. జరిమానా మీద బతికే శాఖ సులభంగా దొరికేవాణ్ని వెతుకుతుంది. లాయర్లున్న కంపెనీ జోలికి పోవడం కన్నా, వెన్న 0.2 తక్కువైన పాలోడి క్యాన్ పట్టుకోవడం తేలిక. కేసుల సంఖ్య పెరుగుతుంది, పాలు మారవు.

ఆ పాలోడి విషయంలో ఫీజు ఆలోచనకు ఒక హద్దు ఉంది. ప్యాకెట్ పాల మీదే ఫీజు వేస్తే విడి పాలు దాని బయట ఉండిపోతాయి. పల్లెలూ చిన్న పట్టణాలూ తాగేది ఎక్కువగా అవే. అందరి మీదా వేస్తే, నలభై లీటర్లు అమ్ముకునేవాడు రిజిస్ట్రేషన్ కూడా మానేసి కనబడకుండా పోతాడు. అతనికి 100 రూపాయల రిజిస్ట్రేషన్ అలాగే ఉంచి, బదులుగా నెలకోసారి ఉచితంగా పాలు పరీక్షించి చీటీ ఇవ్వాలి. ఆ చీటీ చూపించి అతను ఇంటింటికీ పాలు అమ్ముకోగలిగితే తనిఖీ అంటే భయం పోయి అవసరం మొదలవుతుంది. ఆ ఖర్చు పెద్ద డెయిరీల ఫీజు నుంచే రావాలి. విడి పాలలో విషం దొరికిన వార్త వచ్చిన వారమంతా ప్యాకెట్ పాలనూ జనం అనుమానిస్తారు, నష్టం డెయిరీలకూ ఉంటుంది.

కొనేవాడి చేతిలో ఉన్న ఒక హక్కును ఇక్కడ చాలామంది వాడుకోవడం లేదు. చట్టం 40వ సెక్షన్ ప్రకారం ఎవరైనా తాము కొన్న పాలను ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చు. అమ్మినవాడికి ఆ సంగతి ముందే చెప్పాలి. నివేదికలో తప్పు తేలితే కట్టిన ఫీజు తిరిగి ఇచ్చేస్తారు. అయితే దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఉండే మనిషి శాంపిల్‌ను నాచారం దాకా చల్లగా ఎలా చేర్చాలి? తనిఖీ నిధి ఏర్పడితే మొదటి ఏడాది ఖర్చు చేయాల్సింది ఈ చోటే. పాత జిల్లా కేంద్రాలైన నల్లగొండలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి పాల పరీక్ష గదులు, అఫ్లాటాక్సిన్, యాంటీబయాటిక్ ప్రాథమిక పరీక్షలు చేయగల కిట్లతో. తేడా కనబడితేనే నాచారానికి పంపాలి. అధికారి డ్యూటీ వేళలు కూడా మారాలి. పాలు తిరిగేది తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడు దాకా, ఆఫీసు తెరిచేది పదిన్నరకు. ఏప్రిల్, మే నెలల్లో ఆ తెల్లవారుజాము శాంపిళ్లకు అదనపు భత్యం, బండి డీజిల్ ఈ నిధి నుంచి ఇస్తే, పెరాక్సైడ్ ఎక్కువగా కలిసే కాలంలోనే, కలిసే వేళలోనే పాలను పట్టుకోవచ్చు.